ఘనా జనాభా, అభివృద్ధి లెక్కలు తప్పు లేకుండా రాయడం ఎట్లా: సెమినార్ పేపర్ రాసే వాళ్లకు

హన్మకొండలో పీజీ చదివే పిల్లలకు "ఏదైనా ఒక ఆఫ్రికా దేశం తీసుకుని జనాభా, అభివృద్ధి మీద పేపర్ రాయండి" అని చెప్తే చాలామంది చేసే పని ఒకటే. ఫోన్‌లో వెతికి, ముందు కనపడ్డ పది అంకెలు వరుసగా ఎక్కించి, చివర "ఇంకా వెనుకబడి ఉంది" అని ఒక ముక్క రాసి ఇచ్చేస్తారు. ఆ పది అంకెల్లో ఒకటి జనగణనది, ఒకటి అంచనా, ఒకటి పదేళ్ల కిందటి సర్వేది, ఇంకోటి కొలిచే పద్ధతే మారిపోయినది. విడిగా చూస్తే దేనికదే సరైనది కావచ్చు, కానీ అన్నీ ఒకే పట్టికలో పక్కపక్కన పెడితే ఆ పట్టికకు అర్థం ఉండదు. అందుకే పశ్చిమ ఆఫ్రికాలోని ఘనాను తీసుకుని ఈ పని ఎట్లా చేయాలో మొదటి నుంచి చెప్తాను. ఘనానే ఎందుకంటే అక్కడ లెక్కలు బాగున్నాయి. జనగణనలు జరుగుతున్నాయి, సర్వేలు జరుగుతున్నాయి, అక్కడి గణాంక సంస్థ ఘనా స్టాటిస్టికల్ సర్వీస్ రిపోర్టులన్నీ ఎవరైనా దింపుకునేటట్టు పెడుతుంది. మొదటిసారి చేసే వాళ్లకు ఇంతకన్నా మంచి దేశం దొరకదు.

ముందు ఒక చిన్న పని. అక్కడి రిపోర్టులన్నీ మిలియన్లలో ఉంటాయి, మన బుర్ర లక్షల్లో, కోట్లలో నడుస్తుంది. మిలియన్ అంటే పది లక్షలు, పది మిలియన్లు ఒక కోటి. 30.8 మిలియన్లు అంటే 3.08 కోట్లు. ఇది అందరికీ తెలిసిందే అనుకుంటాం గానీ, తొందరలో 30 కోట్లు అని రాసేసిన పేపర్లు చాలా చూశాను. మార్చగానే మనకు తెలిసిన దాని పక్కన పెట్టి చూడండి: 2011 లెక్కల ప్రకారం తెలంగాణ జనాభా 3.5 కోట్లు, విస్తీర్ణం 1.12 లక్షల చదరపు కిలోమీటర్లు. ఘనా విస్తీర్ణం 2.38 లక్షలు, అంటే పాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కన్నా కొంచెం తక్కువ. ఈ కొలత మనసులో ఉంటే ఒక సున్నా ఎక్కువైనా తక్కువైనా కంటికి వెంటనే తగులుతుంది.

ఇప్పుడు జనాభా. జనగణన అంకెలనే పునాదిగా పెట్టుకోండి. ఘనాకు 1957 మార్చి 6న స్వాతంత్ర్యం వచ్చింది, ఆ తర్వాత 1960లో మొదటి లెక్క: 67,26,815. తర్వాత 1970లో సుమారు 85.6 లక్షలు, 1984లో 1.23 కోట్లు, 2000లో 1.89 కోట్లు, 2010లో 2,46,58,823, 2021లో 3,08,32,019. అరవై ఏళ్లలో నాలుగున్నర రెట్లు. ఇక్కడ గమనించాల్సింది, మన దగ్గర లాగా కచ్చితంగా పదేళ్లకోసారి అక్కడ జరగలేదు. 1970 నుంచి 1984కి పద్నాలుగేళ్లు, అక్కడి నుంచి 2000కి పదహారేళ్లు. 2020లో జరగాల్సింది కరోనా వల్ల 2021కి వాయిదా పడింది (మన 2021 జనగణన కూడా కరోనాతోనే ఆగింది, కాకపోతే వాళ్లు మరుసటి ఏడాదే పూర్తి చేశారు). కాబట్టి "ఒక్కో దశాబ్దంలో ఇంత పెరిగింది" అని రాస్తే మొదటి అడుగులోనే తప్పు.

వృద్ధి రేటు మీరే లెక్కగట్టండి, ఎక్కడి నుంచో తెచ్చి పెట్టకండి. ఒకసారి చేసి చూపిస్తాను. 2010 నుంచి 2021కి పెరిగింది 61,73,196 మంది, అంటే 25 శాతం. చాలామంది దీన్ని 11తో భాగించి సంవత్సరానికి 2.3 శాతం అంటారు. అందులో రెండు లోపాలున్నాయి. ఒకటి, 2010 లెక్క సెప్టెంబర్ 26 రాత్రిది, 2021 లెక్క జూన్ 27 రాత్రిది, మధ్యలో పదకొండేళ్లు కావు, పదిముప్పావు. రెండోది, జనాభా చక్రవడ్డీ లాగా పెరుగుతుంది, ఈ ఏడు పెరిగిన వాళ్లకూ వచ్చే ఏడు పిల్లలు పుడతారు. కాబట్టి పెద్ద అంకెను చిన్న అంకెతో భాగించండి, 1.2503 వస్తుంది. క్యాలిక్యులేటర్‌లో ఎల్‌ఎన్ (ln, అంటే సహజ లాగరిథమ్) బటన్ నొక్కండి, 0.2234. దాన్ని 10.75తో భాగిస్తే 0.0208, అంటే ఏడాదికి 2.1 శాతం. అక్కడి ప్రభుత్వం ప్రకటించింది కూడా 2.1. మీ లెక్క అధికారిక లెక్కతో కలిసినప్పుడు వచ్చే ధైర్యం వేరే, వైవాలో ఎవరు ఏం అడిగినా టెన్షన్ ఉండదు. అంతకు ముందు 2000-2010 మధ్య రేటు 2.5, అంటే వేగం తగ్గింది. వేగం తగ్గింది అంటే జనం తగ్గారని కాదు, పెరగడం నెమ్మదించిందని, ఈ తేడా మీ వాక్యంలో స్పష్టంగా ఉండాలి.

ప్రపంచ బ్యాంకు పట్టికలోకి వెళ్తే అదే 2021కి ఘనా జనాభా 3.2 కోట్లు దాటి కనపడుతుంది. భయపడొద్దు, ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. అది ఐక్యరాజ్యసమితి అంచనా, జనగణనలో తప్పిపోయే వాళ్లను, జనన మరణాల రేట్లను చూసుకుని నమూనాతో తయారు చేస్తారు. మీరు చేయాల్సింది ఒకటే: ఒక పట్టికలో ఒక మూలాన్నే వాడండి. 2010కి జనగణన అంకె పెట్టి, 2021కి అంచనా అంకె పెడితే లక్షల మంది మనుషులు గాలిలోంచి పుడతారు. పక్కన నైజీరియాను చూస్తే ఇది ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది. అక్కడ చివరి జనగణన 2006లో, 14.04 కోట్లు. ఇప్పుడు 22 కోట్లు పైనే అని అందరూ రాసేది అంచనా మాత్రమే. ఆ 2006 లెక్క మీద కూడా గొడవ, కానో రాష్ట్రానికి లాగోస్ కన్నా ఎక్కువ చూపించారని లాగోస్ ఒప్పుకోలేదు. నిధులు, సీట్లు జనాభాను బట్టి పంచే చోట తలల లెక్క రాజకీయం అవుతుంది. నియోజకవర్గాల పునర్విభజన మీద దక్షిణాదిలో ఎంత చర్చ నడుస్తుందో చూస్తున్న మనకు ఇది ఇంకెవరో వివరించాల్సిన పని లేదు.

ఇక అన్నిటికన్నా ఎక్కువ మంది బోల్తా పడేది సరిహద్దుల దగ్గర. మన వరంగల్ వాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. 2011 జనగణనలో వరంగల్ జిల్లా అంటే 35 లక్షల పైచిలుకు. 2016లో ఆ జిల్లా ముక్కలైంది, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేరయ్యాయి, చేర్యాల వైపు మండలాలు సిద్దిపేటకు పోయాయి, 2019లో ములుగు వచ్చింది, 2021లో అర్బన్ జిల్లా హనుమకొండగా, రూరల్ జిల్లా వరంగల్‌గా మారింది. రేపు కొత్త జనగణన వచ్చాక ఎవరైనా "వరంగల్ జిల్లా జనాభా సగానికన్నా ఎక్కువ పడిపోయింది" అని రాస్తే మనం ఏమంటాం? ఘనాలో సరిగ్గా ఇదే జరిగింది. 2018 డిసెంబర్‌లో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టి, అప్పటిదాకా ఉన్న 10 రీజియన్లను (దేశంలోని పెద్ద పాలనా విభాగాలు) 2019లో 16 చేశారు. 2010లో నార్తర్న్ రీజియన్ జనాభా 24.8 లక్షలు, 2021లో అదే పేరుతో 23.1 లక్షలు. తగ్గిందా? లేదు. దాంట్లోంచి సవన్నా, నార్త్ ఈస్ట్ అని రెండు కొత్తవి పుట్టాయి, వాటిలో సుమారు 6.5 లక్షలు, 6.6 లక్షలు. మూడూ కలిపితే 36.2 లక్షలు, అంటే పాత హద్దుల్లో 46 శాతం పెరుగుదల, దేశ సగటుకు దాదాపు రెట్టింపు వేగం. పేరు ఒకటే ఉంది కదా అని రెండు అంకెలు పక్కన పెట్టిన వాళ్లకు ఇంత పెద్ద పెరుగుదల తగ్గుదలలా కనపడుతుంది. బ్రాంగ్ అహాఫో మూడు ముక్కలైంది, వోల్టా నుంచి ఓటి, వెస్టర్న్ నుంచి వెస్టర్న్ నార్త్ విడిపోయాయి. కాబట్టి రీజియన్ల పట్టిక వేసే ముందు కొత్తవాటిని పాత హద్దుల్లోకి మళ్లీ కలపండి, అప్పుడే పోల్చండి. గ్రేటర్ అక్రా, అశాంతి మాత్రం చీలలేదు, నేరుగా పోల్చొచ్చు. 2021లో గ్రేటర్ అక్రా 54.6 లక్షలు, అశాంతి 54.4 లక్షలు, జనాభాలో రాజధాని ప్రాంతం అశాంతిని దాటడం అదే మొదటిసారి.

జనసాంద్రత రాసేటప్పుడు దేశ సగటు ఒక్కటే రాసి ఊరుకోకండి. చదరపు కిలోమీటరుకు 129 మంది అని రాస్తే తెలంగాణ 312 ముందు ఖాళీగా కనపడుతుంది. కానీ గ్రేటర్ అక్రాలో ఆ అంకె సుమారు 1,680, సవన్నాలో 20 కూడా లేదు.

పట్టణ జనాభా, అక్షరాస్యత. ఈ రెండూ చూడటానికి సులువు, పోల్చడానికి కష్టం. 2021లో ఘనాలో 56.7 శాతం పట్టణ జనాభా, 2011లో తెలంగాణలో 38.9 శాతం. "ఘనా మనకన్నా ఎక్కువ పట్టణీకరణ చెందింది" అని రాయబోయే ముందు ఆగండి. ఘనాలో 5,000 మంది ఉన్న ఊరు ఏదైనా పట్టణమే. మన దగ్గర మున్సిపాలిటీ కాని ఊరిని పట్టణం కింద లెక్కేయాలంటే 5,000 జనాభా ఒక్కటి చాలదు, మగ పనివాళ్లలో 75 శాతం వ్యవసాయం కాని పనిలో ఉండాలి, చదరపు కిలోమీటరుకు 400 మంది ఉండాలి. ఘనా నిబంధన ఇక్కడ పెడితే వరంగల్ చుట్టుపక్కల పెద్ద గ్రామాలు ఎన్నో పట్టణాలైపోతాయి. ఒక రాశిని మానికతో, ఇంకో రాశిని తక్కెడతో కొలిచి ఏది ఎక్కువో చెప్పినట్టు ఉంటుంది. అక్షరాస్యతలోనూ అంతే: ఘనా జనగణన 69.8 శాతం అన్నది ఆరేళ్లు, ఆపైన ఉన్న వాళ్లలో, మన జనగణన ఏడేళ్లు నిండిన వాళ్లలో చూస్తుంది, ప్రపంచ బ్యాంకు పట్టికలో ఎక్కువగా ఉండేది పదిహేనేళ్లు పైబడిన వాళ్లది. ఏ వయసు అన్నది రాయకుండా అక్షరాస్యత శాతం రాయకూడదు.

కుటుంబాల లెక్క గురించి కూడా ఒక మాట, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. 2010లో సగటున ఒక ఇంట్లో 4.4 మంది ఉంటే 2021లో 3.6. జనం 25 శాతం పెరిగితే కుటుంబాలు సుమారు 54.7 లక్షల నుంచి 83 లక్షలకు, సగానికి పైగా పెరిగాయి. కరెంటు, నల్లా, మరుగుదొడ్డి శాతాలన్నీ కుటుంబాల మీద కడతారు. అంటే శాతం కదలకుండా అట్లాగే ఉన్నా, ఆ పదకొండేళ్లలో ప్రభుత్వం లక్షల ఇళ్లకు కొత్తగా కనెక్షన్ ఇచ్చినట్టే. శాతం పక్కన సంఖ్య కూడా రాయమని అడిగేది ఇందుకే.

ఇప్పుడు నాకు బాగా ముఖ్యం అనిపించే భాగం. పిల్లల పుట్టుక, చావు, ఎదుగుదల గురించిన అంకెలు జనగణన కన్నా ఇంటింటి ఆరోగ్య సర్వేలో బాగా దొరుకుతాయి. ఘనాలో దాని పేరు డెమొగ్రాఫిక్ అండ్ హెల్త్ సర్వే, 1988లో మొదలైంది, తాజాది 2022ది. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా అదే కుటుంబానికి చెందినది, ప్రశ్నలు, నిర్వచనాలు చాలావరకు ఒకటే. అందుకని ఈ రెంటినీ పోల్చడంలో పట్టణ జనాభాకు ఉన్నంత చిక్కు లేదు. 1988లో ఘనాలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 155 మంది ఐదేళ్లు నిండకుండానే చనిపోయేవారు, 2022 సర్వేలో 40. మన 2019-21 సర్వేలో భారతదేశానికి ఆ అంకె 42, తెలంగాణకు 29. ఏడాది లోపు మరణాలు ఘనాలో 28, దేశంలో 35, తెలంగాణలో 26. ఇక వయసుకు తగ్గ ఎత్తు ఎదగని ఐదేళ్లలోపు పిల్లలు ఘనాలో 18 శాతం, భారతదేశంలో 35.5, తెలంగాణలో 33. ఈ చివరి వరుస రెండుసార్లు చదవండి. బతికించుకోవడంలో తెలంగాణ ముందుంది, బతికిన బిడ్డను ఎదిగించుకోవడంలో ఘనా మనకన్నా చాలా ముందుంది. "ఆఫ్రికా అంటే ఆకలి" అని ముందే తీర్పు రాసుకుని కూర్చున్న వాళ్లు ఈ అంకె దగ్గరకే రారు. మీ పేపర్‌లో ఇది ఉండాలి, మన అంగన్‌వాడీల గురించి ఆలోచించే వాళ్లందరికీ ఇది పనికొస్తుంది. ఒక్క జాగ్రత్త: సర్వేలోని మరణాల రేటు ఆ ఒక్క ఏడాదిది కాదు, అంతకు ముందు ఐదేళ్లది. "2022లో" అని కాకుండా "2022 సర్వేకు ముందు ఐదేళ్లలో" అని రాయండి.

సంతాన రేటుకు రెండు చివర్లు తీసుకుని గీత గీయకండి. 1988లో ఒక్కో స్త్రీకి 6.4 మంది పిల్లలు, 2022లో 3.9. గీత గీస్తే నున్నగా కిందికి దిగినట్టు ఉంటుంది. మధ్యలో చూడండి: 2003లో 4.4, 2008లో 4.0, 2014లో మళ్లీ 4.2. అంటే మొదటి పదిహేనేళ్లలో వేగంగా తగ్గి, తర్వాత దాదాపు ఇరవై ఏళ్లు నత్తనడక, ఒకసారి వెనక్కి కూడా. తెలంగాణ 1.8 దగ్గర ఉంది, అక్కడి సమస్య వేరు, ఇక్కడిది వేరు. ఇట్లాంటి సర్వేలకు ఎన్నో దేశాల్లో అమెరికా డబ్బే ఆధారంగా ఉండేది, 2025లో అమెరికా ఆ డబ్బు ఆపేసింది. బీద దేశాల తల్లీబిడ్డల గురించి మనకు తెలిసినదాంట్లో పెద్ద భాగం ఈ సర్వేల నుంచే వచ్చింది, ఆ డబ్బు ఆగడం నిజంగా నష్టం.

డబ్బు లెక్కల్లో మూడు గుంతలున్నాయి. మొదటిది ఆధార సంవత్సరం. 2010 నవంబర్‌లో ఘనా తన జీడీపీని 1993 ధరల నుంచి 2006 ధరలకు మార్చి, అంతవరకు సరిగా లెక్కలోకి రాని సేవలను చేర్చింది. జీడీపీ ఒక్కసారిగా 60 శాతం పైగా పెద్దదైంది, మరుసటి ఏడాది ప్రపంచ బ్యాంకు ఆ దేశాన్ని దిగువ మధ్యాదాయ దేశాల్లో చేర్చింది. ఆ రోజు అక్రా మకోలా మార్కెట్‌లో ఎవరి సంచీలోకీ ఒక్క సెడి (అక్కడి కరెన్సీ) ఎక్కువ రాలేదు. 2018లో మళ్లీ 2013 ఆధారానికి మారారు, ఇంకో 25 శాతం పెరిగింది. నైజీరియా 2014లో ఇదే చేస్తే 89 శాతం. రెండోది కరెన్సీ: 2007 జూలైలో నాలుగు సున్నాలు తీసేశారు, పది వేల పాత సెడిలు ఒక కొత్త సెడి. పాత బడ్జెట్ పత్రాల అంకెలు అట్లాగే ఎక్కిస్తే పేపర్ మొత్తం పాడవుతుంది. మూడోది ధరలు: 2022 డిసెంబర్‌లో అక్కడ ద్రవ్యోల్బణం 54.1 శాతం, అదే నెలలో విదేశీ అప్పుల చెల్లింపులు చాలావరకు ఆపేశారు. అట్లాంటి ఏడాది సెడిల్లో చూస్తే ఆదాయం దూకినట్టు, డాలర్లలో చూస్తే కుంగినట్టు కనపడుతుంది. స్థిర ధరల వరుస, అంటే అన్ని ఏళ్లనూ ఒకే ఆధార సంవత్సరం ధరల్లో కట్టింది తీసుకోండి, అంతే.

హెచ్‌డీఐ (మానవాభివృద్ధి సూచిక) వాడేవాళ్లకు ఒకటే మాట: రెండు వేర్వేరు ఏళ్ల రిపోర్టులు తెరిచి పోల్చొద్దు. 2022కి భారత్‌ది 0.644, ఘనాది 0.602 అని ఒక రిపోర్ట్ చెప్పింది, తర్వాతి రిపోర్ట్‌లో అదే 2022కి భారత్ అంకె 0.676 అయింది, కొత్త సమాచారంతో వెనకటి ఏళ్లను కూడా సవరిస్తారు కాబట్టి. తాజా రిపోర్ట్‌లోనే మొత్తం వరుస ఉంటుంది, అదొక్కటే వాడండి.

పేదరికం చివరికి ఉంచాను, ఎందుకంటే పైన చెప్పినవన్నీ ఇక్కడ కలుస్తాయి. ఘనా జీవన ప్రమాణాల సర్వే ప్రకారం 2012-13లో 24.2 శాతం పేదలు, 2016-17లో 23.4 శాతం. శాతం కొంచెం తగ్గింది, కానీ జనాభా పెరిగింది కాబట్టి పేదల సంఖ్య సుమారు 64 లక్షల నుంచి 68 లక్షలకు పెరిగింది. రెండు వాక్యాలూ నిజమే, రెండూ రాయాలి. ఇది ఆ దేశం సొంతంగా పెట్టుకున్న పేదరిక రేఖ, ప్రపంచ బ్యాంకు రేఖ వేరే, అది కూడా రోజుకు 1.90 డాలర్ల నుంచి 2022లో 2.15కు, 2025లో 3 డాలర్లకు మారింది. రేఖ పేరు లేని పేదరిక శాతం కొట్టేయండి. ఇంకా లోపలికి పోతే, 2016-17లో గ్రేటర్ అక్రాలో 2.5 శాతం, అప్పర్ వెస్ట్‌లో 70.9. ఒకే దేశం, ఒకే సర్వే. దక్షిణాన ఏడాదికి రెండు వానకాలాలు, కోకో, బంగారం, ఓడరేవులు, బ్రిటిష్ వాళ్లు వేసిన రైలు మార్గాలు. ఉత్తరాన ఒకటే వానకాలం, ఆ తర్వాత నెలల తరబడి ఎండిన నేల. అందుకే ఉత్తరాది ఆడపిల్లలు అక్రా మార్కెట్లకు వచ్చి తలమీద బరువులు మోస్తారు, వాళ్లను కయాయే అంటారు. ఘనా జనగణన ఆ రాత్రి ఎవరు ఎక్కడ పడుకుంటే అక్కడే లెక్కేస్తుంది, మార్కెట్ అరుగుల మీద, బస్టాండ్లలో పడుకున్న వాళ్లను కూడా. అంటే ఆ పిల్ల పుట్టిన ఊరు సవన్నాలో ఉన్నా లెక్క గ్రేటర్ అక్రాలో పడుతుంది. జగిత్యాల నుంచి, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు పోయిన మనిషి మన జనగణనలో ఊరి లెక్కలోకి రాకపోయినా, అతను పంపిన పైసలు ఆ ఊరి ఖర్చుల సర్వేలో కనపడతాయి, ఈ చిక్కు మనకు కొత్తది కాదు. వలస ఎక్కువున్న చోట జనాభా అంకెనూ ఆదాయం అంకెనూ కలిపి తలసరి తీసేటప్పుడు ఎవరిని ఎక్కడ లెక్కేశారో ముందు చూసుకోండి.

పట్టిక వేసేటప్పుడు ప్రతి అంకెకూ నాలుగు గడులు పెట్టండి: ఏ ఏడాది, ఎవరు లెక్కించారు, ఎవరిలో ఎంత, ఏ హద్దులు. ఒక వరుస ఇట్లా ఉంటుంది: "ఎదుగుదల లోపం 18 శాతం, 2022, డెమొగ్రాఫిక్ అండ్ హెల్త్ సర్వే, ఐదేళ్లలోపు పిల్లల్లో, దేశం మొత్తం." ఏ గడి అయినా నిండకపోతే ఆ అంకెను పట్టికలోంచి తీసేయండి, పన్నెండు అంకెలు ఎనిమిదైనా పర్వాలేదు. ముందుగా 2021 జనగణన రిపోర్ట్‌లో నిర్వచనాల పేజీలు చదవండి, వాటిని దాటేసి పట్టికల్లోకి దూకితే పైన చెప్పిన తప్పుల్లో సగం మళ్లీ చేస్తారు. అక్కడి నుంచి రీజియన్ల పట్టిక, తర్వాత 2022 ఆరోగ్య సర్వే, డబ్బు లెక్కలు ఆఖర్న.